మా అమ్మకెందుకు పెట్టలే 'రు'?

"అక్కా, తప్పులుంటే ఏమనుకోకు. జర చూసి పంపు."

నా ఫోనుకి వచ్చే కథలన్నీ దాదాపు ఇలాంటి వాక్యంతోనే వస్తాయి. కథ కంటే ముందు క్షమాపణ వస్తుంది. మేం ఏడుగురం ఆడవాళ్లం. అందరం ఇంటర్నెట్‌లో రాసేవాళ్లమే. ఒకరి రాతలు ఒకరం చదివి ఇష్టపడి, మాటలు కలిసి, అచ్చుకో వెబ్ పత్రికకో పంపేముందు ఒకరి రాత ఇంకొకరికి చూపించుకోవడం అలవాటు చేసుకున్నాం. నలుగురిని నేనింతవరకు కళ్లతో చూడలేదు. కానీ వాళ్లలో ఎవరు 'ళ' రాయాల్సిన చోట 'ల' రాస్తారో, ఎవరికి కామాలంటే భయమో, ఎవరు కథ ముగించలేక మూడు చుక్కలు పెట్టి వదిలేస్తారో నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను కాబట్టి వ్యాకరణం వ్యవహారం సహజంగానే నా నెత్తిన పడింది. పడిందంటున్నాను గానీ, నిజానికి నేనే తీసుకున్నాను. ఎర్ర పెన్ను పట్టిన చెయ్యి ఊరికే ఉండదు.

నేను చేసిన ఒక పొరపాటు గురించి రాయాలనుకుంటున్నాను. దాని గురించి ఆలోచించిన కొద్దీ అది నా ఒక్కదాని పొరపాటు కాదనీ, మన సాహిత్యంలో 'దిద్దడం' అనే పనికి ఒక చరిత్రే ఉందనీ తెలిసొచ్చింది.

మాలో ఒకమ్మాయి నల్గొండ వైపు పల్లెలో అంగన్‌వాడీ టీచరు. ఇంట్లో అందరూ పడుకున్నాక, రాత్రి పది దాటాక ఫోనులో రాస్తుంది. తన చిన్నతనం గురించి ఒక కథ రాసి పంపింది. అందులో ఒకచోట ఇలా ఉంది:

"పొద్దుగూకంగ నాయిన కల్లు దాగి వచ్చిండు. అమ్మ చెల్కల నుంచి వచ్చింది. నేను పొయ్యికాడికి పోయిన."

నేను దిద్దింది ఇలా ఉంది:

"సాయంత్రం నాన్న కల్లు తాగి వచ్చారు. అమ్మ పొలం నుంచి వచ్చింది. నేను పొయ్యి దగ్గరకు వెళ్లాను."

దిద్దేటప్పుడు నాకేమీ అనిపించలేదు. అనిపించకపోవడమే ఇక్కడ అసలు సంగతి. పైగా శ్రద్ధగా చేశానని సంతోషపడ్డాను కూడా. రెండు రోజులు ఆ అమ్మాయి నుంచి ఏ కబురూ లేదు. మూడోరోజు రాత్రి జవాబొచ్చింది.

"అక్కా, తప్పులు దిద్దమంటే మా అమ్మను మార్చినవ్. నాయినకు 'రు' పెట్టినవ్, మా అమ్మకెందుకు పెట్టలే? మా అమ్మకు పొలమెక్కడిది? పొలమంటే మా దిక్కు నీళ్లు పారే వరి భూమి. మా అమ్మ చెల్కల కూలికి పోయేది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కల్లు తాగి వచ్చిన నాన్నకి గౌరవ వాచకం తగిలించాను. ఎండలో కూలి చేసి వచ్చిన అమ్మని ఉన్నచోటే ఉంచాను. ఎవరూ అడగలేదు. ఏ వ్యాకరణ సూత్రమూ అలా చెయ్యమనలేదు. మా తెనాలి ఇంట్లో నాన్న 'వచ్చారు', అమ్మ 'వచ్చింది'. అరవై ఏళ్లుగా నా చెవిలో ఉన్న ఆ తేడాని తీసుకెళ్లి, ఇంకొకామె కథలో 'శుద్ధమైన తెలుగు' పేరుతో పెట్టేశాను. ఆమె మాటల్లో నాయినకీ 'రు' లేదు, అమ్మకీ లేదు. ఆ ఇంట్లో భర్త చేతి దెబ్బలున్నాయి, ఆకలుంది. కానీ కనీసం కూతురి వాక్యంలో ఇద్దరి మధ్యా ఆ ఎత్తుపీట లేదు. దాన్ని వేసింది నేను.

ఇక 'పోయిన' సంగతి. తెలంగాణలో 'నేను పోయిన' అంటే పూర్తయిన వాక్యం. కోస్తా చెవికి అది సగంలో ఆగినట్టు, 'పోయిన ఏడాది', 'పోయిన మనిషి' అన్నట్టు వినిపిస్తుంది. అందుకే చెయ్యి దానంతటదే 'వెళ్లాను' అని రాసేస్తుంది. లోపం ఎక్కడుంది? ఆమె వాక్యంలో లేదు, నా చెవిలో ఉంది. 'పొద్దుగూకంగ' తీసేసి 'సాయంత్రం' పెట్టినప్పుడు పోయింది యాస ఒక్కటే కాదు. గడియారం చూడకుండా పొద్దు చూసి పని నుంచి ఇంటికి తిరిగొచ్చే ఒక జీవితం పోయింది.

ఇలా చెబుతున్నానంటే తప్పులు దిద్దకూడదని కాదు. 'భాద' అని రాస్తే అది 'బాధ' అని చెప్పాల్సిందే. 'భాద్యత', 'దృడం', 'శ్రద్ద', 'విద్యార్ది' ఇవన్నీ మాకు రోజూ ఎదురయ్యేవే. వీటిలో సగం అజ్ఞానం కానే కాదు, ఫోను చేసే పని. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతిలో చిన్న 'ఎల్' కొడితే 'ల', పెద్ద 'ఎల్' కొడితే 'ళ'. చిన్న 'ఎన్' అయితే 'న', పెద్దదైతే 'ణ'. ఒక చేత్తో పిల్లని జోకొడుతూ ఇంకో చేత్తో కథ రాసే మనిషికి ప్రతిసారీ ఆ పెద్దక్షరం గుర్తుండదు. అలాంటివి మేం చర్చ లేకుండా సరిచేస్తాం. అది పక్కింటావిడ చీర కుచ్చిళ్లు ఊడిపోతున్నాయని చెప్పడం లాంటిది. అందులో పెద్దరికమేమీ లేదు.

పైగా స్పెల్లింగు ఎందుకు సరిగా ఉండాలో మా అందరికీ ఒక అనుభవం నేర్పింది. మాలో ఒకావిడ గర్భస్రావం గురించి కథ రాసింది. రాయడానికి ఆమెకి నాలుగేళ్లు పట్టింది. దానికి ఒక పెద్దమనిషి పెద్ద ఉత్తరం రాశాడు. 'బాధ' అనే మాటలో ఒత్తు ఎక్కడుండాలో వివరించాడు. 'సాంప్రదాయం' అని రాయకూడదు, 'సంప్రదాయం' అనాలన్నాడు. కలం పట్టేముందు తెలుగు నేర్చుకోమని సలహా ఇచ్చాడు. ఆయన చెప్పిన రెండు సవరణలూ సరైనవే. కానీ ఆ ఉత్తరం మొత్తంలో బాధకి ఒత్తు గురించే ఉంది, బాధ గురించి ఒక్క మాట లేదు. స్త్రీ చెప్పింది వినకుండా తప్పించుకోవడానికి ఆమె ఎలా చెప్పిందో పట్టుకోవడం సులువైన దారి. ఆ దారి మూసెయ్యడానికైనా మనం ఒత్తులు సరిగా పెట్టాలి. ఆ తర్వాత ఆవిడ ఏది రాసినా ముందు మాకు చూపిస్తోంది. భయంతో కాదు, పంతంతో.

అంటే దిద్దడంలో రెండు రకాలున్నాయి. ఒకటి రాసినావిడ గొంతు మరింత స్పష్టంగా వినపడేలా చేసేది. రెండోది ఆ గొంతు తీసేసి మన గొంతు పెట్టేది. కష్టం ఏమిటంటే రెండూ ఒకే ఎర్ర సిరాతో జరుగుతాయి, రెండింటికీ 'సాయం' అనే పేరే ఉంటుంది.

ముద్దుపళని 'రాధికాసాంత్వనం' కథ మనకు కొత్త కాదు. దాన్ని ఈసారి ఈ కోణంలోంచి తలుచుకున్నాను. పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో రాసిన ఆ కావ్యం 1887లో అచ్చయింది. పరిష్కరించినాయన కొన్ని పద్యాలు వదిలేశారు, ముద్దుపళని తన గురించి తాను చెప్పుకున్న అవతారికా వదిలేశారు. తర్వాత బెంగుళూరు నాగరత్నమ్మ ఆ అచ్చుప్రతితో తృప్తిపడక రాతప్రతి సంపాదించి, పోయిన పద్యాలన్నీ తిరిగి చేర్చి 1910లో ప్రచురింపజేశారు. కందుకూరి వీరేశలింగం అంతటి సంస్కర్త ఆ కావ్యాన్ని అశ్లీలమని నిరసించారు. 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది.

మనం నాగరత్నమ్మని గాయనిగా, త్యాగరాజుకి తిరువయ్యారులో సమాధి మందిరం కట్టించిన భక్తురాలిగా తలుచుకుంటాం. నాకు ఆమె మనకి దొరికిన గొప్ప ప్రూఫ్‌రీడరుగా కూడా కనపడుతుంది. ఒక స్త్రీ రాతని ఇంకొక స్త్రీ అక్షరం అక్షరం పోల్చి చూసి, ఎవరో 'మంచికోసం' తీసేసినదాన్ని తిరిగి పెట్టడం ఆమె చేసిన దిద్దుబాటు. తెలుగులో 'పరిష్కరణ' అనే మాటకి అర్థం శుభ్రం చెయ్యడం. శుభ్రం చేసే చెయ్యి ఏది మురికి అనుకుంటుందన్న దాన్ని బట్టి ఏం మిగులుతుందో ఉంటుంది. 1887 నాటి పరిష్కర్తకి స్త్రీ తన గురించి చెప్పుకున్న మాటలు అక్కర్లేనివిగా కనిపించాయి. నాకు 'చెల్క' అక్కర్లేనిదిగా కనిపించింది. పోలిక పెద్దదేమో గానీ, చెయ్యి కదిలిన తీరు ఒకటే.

గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడారు కదా, ఇంకా ఈ గొడవేమిటని ఎవరైనా అడగొచ్చు. ఆయన పోరాడకపోతే మా ఏడుగురిలో ఐదుగురం అసలు రాసేవాళ్లమే కాదు. అయితే ఆనాటి వాదంలో నిలబడ్డ మాట 'శిష్ట వ్యావహారికం'. చదువుకున్న పెద్దమనుషులు మాట్లాడుకునే భాష. ఆ పెద్దమనుషుల్లో చెల్కల్లో కూలికి పోయే ఆడవాళ్లు లేరు. తర్వాత పత్రికలు, పాఠ్యపుస్తకాలు, రేడియో కలిసి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాటని 'మామూలు తెలుగు' చేశాయి. మిగిలినవన్నీ 'మాండలికాలు' అయ్యాయి. మాలాంటివాళ్లం మాట్లాడేది భాష, వాళ్లు మాట్లాడేది యాస! గోగు శ్యామల లాంటి దళిత రచయిత్రులు తమ ప్రాంతపు భాషలోనే కథలు నడిపించి ఆ మెట్ల వరసని కదిలించారు. నేను ఆ కథలు ఇష్టంగా చదివాను, నలుగురికీ చెప్పాను. చదివినదాన్ని మెచ్చుకోవడం వేరు, చేతిలో ఎర్ర పెన్నున్నప్పుడు దాన్ని గుర్తుపెట్టుకోవడం వేరు.

ఆ 'రు' మాత్రం నన్ను వదల్లేదు. పాత పుస్తకాలు తిరగేశాను. చిన్నయసూరి బాలవ్యాకరణంలో 'మహత్తు' అనే సంజ్ఞ నేను ఏటా పిల్లలకి చెప్పిందే. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివి మహత్తులు. అంటే మగవాళ్లు. అందుకే 'రాముడు వచ్చాడు', కానీ 'సీత వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది'. చిన్నయసూరి ఇది తన ఇంట్లోంచి తెచ్చిపెట్టలేదు. భాషలో ఉన్నదాన్ని సూత్రం చేశారంతే. బహువచనంలోకి వెళ్తే మాత్రం సంగతి మారుతుంది. అక్కడ ఆడవాళ్లు ఆవుతో, బండితో విడిపోయి మనుషుల్లో కలుస్తారు. 'ఆవులు వచ్చాయి', కానీ 'ఆడవాళ్లు వచ్చారు'. గౌరవం కోసం మనం వాడే 'రు' కూడా ఆ బహువచనమే. ముప్పై ఏళ్లు ఈ సూత్రం మార్కుల ప్రశ్నగానే చెప్పాను. ఒంటరి ఆడది వస్తువు పక్కన, నలుగురు కలిస్తే మనుషులు! క్లాసులో ఏ ఆడపిల్లా ఎందుకని అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు. నాకు ఎర్ర పెన్ను ఇచ్చిన చదువు ఆ ప్రశ్న ఇవ్వలేదు. పదో తరగతితో చదువు ఆగిన అమ్మాయి ఇచ్చింది.

చదువు ఆగిన, అన్నాను. ఈ మాటకీ ఒక కథ ఉంది.

ఆ సంఘటన తర్వాత ఆమెకి క్షమాపణ చెప్పి, ఈసారి నా రాత చూడమని పంపాను. నా చదువు గురించి రాసుకున్న వ్యాసం అది. ఆమె ఒక్క అక్షరదోషం కూడా పట్టుకోలేదు, నిజానికి అక్కడ లేవు కూడా. మొదటి పేజీలో ఒక్క వాక్యం కింద మాత్రం గీత గీసింది. 'బి.ఏ. తర్వాత నా చదువు ఆగిపోయింది.' పక్కన ఒక్క ప్రశ్న. "ఎవరు ఆపిండ్రు అక్కా?"

తెలుగులో ఈ జంటలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఆగింది, ఆపారు. తెగింది, తెంచారు. విరిగింది, విరిచారు. మొదటి దాంట్లో చేసినవాళ్లు కనపడరు. పని గాలికో వానకో అయిపోయినట్టు ఉంటుంది. రెండోదాంట్లో ఎవరో ఒకరి పేరు చెప్పక తప్పదు. పత్రికల్లో ఆడవాళ్లు హింసకు 'గురవుతారు', వేధింపులకు 'బలవుతారు'. చేసినవాడు వాక్యం బయటే చల్లగా నిలబడి ఉంటాడు. వ్యాకరణరీత్యా ఆ వాక్యాల్లో తప్పు లేదు. నేను దిద్దితే అక్కడ ఒక్క గీత కూడా పడదు. ఆమె దిద్దింది కాబట్టి పడింది. నా ముప్పై ఏళ్ల అనుభవంలో అంతకంటే మంచి వ్యాకరణ ప్రశ్న నేను వినలేదు.

దానికి జవాబు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. సంబంధం కుదిరిందని నా ఎం.ఏ. దరఖాస్తు ఫారం బీరువాలో పెట్టి తాళం వేసింది మా నాన్న. పదకొండేళ్ల తర్వాత, ఇద్దరు పిల్లలు బడికి వెళ్తుంటే, మళ్లీ ఫారం నింపాను. ఇవన్నీ నా వ్యాసంలో 'ఆగిపోయింది', 'మళ్లీ మొదలైంది' అనే రెండు క్రియల వెనక దాక్కుని ఉన్నాయి. 'మా నాన్న నా చదువు ఆపారు' అని రాశాక, ఆ 'రు' నన్నే చూస్తున్నట్టనిపించింది. 'ఆపాడు' అని కొట్టి చూశాను. కోపం తీరినట్టుంది గానీ అది మా ఇంటి మాట కాదు, అబద్ధంలా ఉంది. నా చదువు ఆపిన మనిషిని కూడా నేను 'రు' లేకుండా తలుచుకోలేను. అదే నా కథలో అసలు సంగతి. అందుకే 'ఆపారు' అనే ఉంచాను. కింద వాక్యంలో 'అమ్మ అడ్డుపడింది' అని రాశాను. ఆ రెండు క్రియలు పక్కపక్కన చూసినవాళ్లకి మా ఇల్లు అర్థమవుతుంది.

ఈ పనికి మన సాహిత్యం ఏ విలువా కట్టలేదన్నది ఇంకో విషయం. భర్తల చిత్తుప్రతులకు సాఫు ప్రతులు రాసిపెట్టిన ఆడవాళ్లు ఎందరో మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకి దక్కింది ముందుమాట చివర 'నా సహధర్మచారిణికి' అనే ఒక్క ముక్క. మేం చేసేదీ జీతం లేని పనే. తేడా ఒక్కటే. ఇది ఒకవైపే నడవదు. ఈ వారం నేను ఆమె కామాలు చూస్తే, వచ్చే వారం ఆమె నా దాపరికాలు చూస్తుంది. ఇప్పుడు యంత్రాలూ దిద్దుతున్నాయి. అడిగిన క్షణంలో పేరా అంతా నున్నగా చేసి ఇస్తున్నాయి. మాలో ఒకరిద్దరు వాడి చూశారు కూడా. నున్నగా వచ్చింది నిజమే, కానీ నేను ఆ రోజు రాసిన 'సాయంత్రం', 'పొలం' లాగే వచ్చింది. ఎవరు ఆపారని అది తనంత తాను అడగలేదు.

మేమిప్పుడు కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఒత్తులు, దీర్ఘాలు అడక్కుండా సరిచేస్తాం. మాట మార్చాలనిపిస్తే మార్చం, 'మీ దిక్కు ఇట్లనే అంటారా?' అని అడుగుతాం. ఎంత చదివినా అర్థం కాని మాట ఉంటే అది రాసినావిడ తప్పని ముందే తేల్చం. తెలుసుకోవాల్సింది మనమేమోనని చూస్తాం. ఇంకొకటి కూడా తీర్మానించుకున్నాం. పంపేటప్పుడు 'తప్పులుంటే ఏమనుకోకు' అని రాయకూడదు. ఇది మాత్రం ఎవరమూ పాటించలేకపోతున్నాం!

ఆమె కథ అచ్చయింది. అందులో నేను సరిచేసిన అక్షరాలు పదకొండు. నాయిన కల్లు దాగి 'వచ్చిండు'. అమ్మ చెల్కల నుంచి 'వచ్చింది'. కూతురు పొయ్యికాడికి 'పోయిన'. పత్రిక అందిన రోజు ఆమె నాకు ఆ పేజీ ఫొటో తీసి పంపింది. మాట ఏమీ లేదు. 'చెల్క' అనే మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది.

ఎర్ర పెన్ను ఎప్పుడు కొనుక్కుందో అడగలేదు.